నానోట్యూబుల పొడితో పని మొదలుపెట్టే ముందు

నాయనా,

ఆశీస్సులు. కార్బన్ నానోట్యూబుల (కంటికి కనపడనంత సన్నని కార్బన్ గొట్టాల) ల్యాబ్‌లో చేరుతున్నావు, పెళ్లీ కుదిరింది, రేపు పిల్లల విషయంలో ఇబ్బంది వస్తుందా అని అడిగావు. అడగాల్సిన ప్రశ్నే, మొహమాటం అక్కర్లేదు.

మనుషుల మీద జరిగిన పరిశోధనలు చాలా తక్కువ. మనకున్న ఆధారం ఎక్కువగా చిట్టెలుకలదే. 2010లో నేచర్ నానోటెక్నాలజీ పత్రికలో వచ్చిన ప్రయోగంలో నీటిలో కలిసే బహుళ గోడల (ఒకదానిలో ఒకటి దూరిన గొట్టాల) నానోట్యూబులను మగ చిట్టెలుకల రక్తంలోకి పలుమార్లు ఎక్కించారు. అవి వృషణాల్లో చేరాయి. 15వ రోజుకి వీర్యకణాలు తయారయ్యే నాళికల లోపలి పొర పలచబడింది, 60, 90 రోజులకి కోలుకుంది. నువ్వు గట్టిగా పట్టుకోవాల్సింది దీని తర్వాతి మాట: ఆ 90 రోజుల్లో వీర్యకణాల సంఖ్యలో, నాణ్యతలో, హార్మోన్లలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. అంటే లోపల దెబ్బ తగిలినా వీర్య పరీక్ష రిపోర్టు నార్మల్‌గానే రావచ్చు. రిపోర్టు చూసుకుని మాస్కు పక్కన పెట్టకు.

సూదితో ఎక్కించడం వేరు, పీల్చడం వేరు, నిజమే. కానీ కార్బన్ బ్లాక్ (మసిలాంటి కార్బన్ పొడి) నానో రేణువులను శ్వాసనాళంలోకి పంపిన చిట్టెలుకల్లో రోజువారీ వీర్యకణాల ఉత్పత్తి తగ్గిందని 2009లో మరో పరిశోధన చూపింది.

వీర్యకణం పొరలో అసంతృప్త కొవ్వులు ఎక్కువ, కణద్రవ్యం మరీ తక్కువ. అందుకే ఆక్సీకరణ ఒత్తిడిని, అంటే చురుకైన ఆక్సిజన్ అణువులు కణాన్ని దెబ్బతీయడాన్ని, తట్టుకునే ఎంజైములు దాని దగ్గర పెద్దగా ఉండవు. నానోట్యూబుల తయారీలో వాడిన ఇనుము, నికెల్, కోబాల్ట్ కొంత మిగిలిపోయి ఆ ఒత్తిడిని ఇంకా పెంచుతాయి. కాబట్టి డబ్బాతో పాటు వచ్చే విశ్లేషణ పత్రంలో లోహాల శాతం ఎంతో చదువు. ఆ పత్రం లేకపోతే అడిగి తెప్పించుకో.

ఇక పని. అన్నిటికన్నా ప్రమాదం పొడి తూచేటప్పుడే. స్పాచులా మీది పొడి స్థిర విద్యుత్తుకి ఎగిరి గ్లవ్‌కి, త్రాసు అద్దాలకి అంటుకుంటుంది, కంటికి కనపడనిది గాల్లోనే ఉంటుంది. అందుకని మూత ఉన్న ఖాళీ సీసాను ముందు తూచి రాసుకో. దాన్ని ఫ్యూమ్ హుడ్‌లోకి (లోపలి గాలిని బయటికి లాగేసే అద్దాల పెట్టెలోకి) తీసుకెళ్లి, లోపలే పొడి వేసి, మూత బిగించి, బయట తడి గుడ్డతో తుడిచి, అప్పుడు మళ్లీ తూచు. రెండు తూకాల తేడాయే నీ పొడి బరువు. 20 మిల్లీగ్రాములే కావాలని ఖచ్చితంగా అంతే వేయడానికి కుస్తీ పట్టకు. 23 పడితే ద్రావణం లెక్క మార్చుకో. హుడ్ గాలి వేగం సెకనుకు అర మీటరు దగ్గర ఉండాలి. అంతకన్నా మరీ పెరిగినా సుడులు తిరిగి పొడి బయటికొస్తుంది.

ద్రావణంగా మారిందని ధీమా పడకు. సోనికేటర్ (శబ్ద తరంగాలతో పొడిని ద్రవంలో కలిపే యంత్రం) నడుస్తున్నప్పుడు సన్నని తుంపర లేస్తుంది, ఆ చుక్క ఆరితే మిగిలేది రేణువే. మూత పెట్టి హుడ్‌లోనే నడుపు.

మాస్కు ఎన్95కి తగ్గకూడదు. అంచు చర్మానికి అతుక్కోవాలి, గడ్డం ఉంటే అతుక్కోదు. నైట్రైల్ గ్లవ్స్ రెండు జతలు వేసుకుని, పైవాటిని హుడ్‌లోనే విప్పు. కింద పడ్డ పొడిని చీపురుతో ఊడవద్దు, గాలి గన్‌తో అసలే ఊదవద్దు. తడి గుడ్డ గానీ, హెపా ఫిల్టరున్న (అతి సన్నని రేణువులనూ పట్టే వడపోత ఉన్న) వాక్యూమ్ గానీ వాడు. ల్యాబ్ కోటు ఇంటికి తీసుకెళ్లకు, నీ కాబోయే ఆవిడ ఆ పొడి ఎందుకు పీల్చాలి?

గాల్లో ఎంత ఉందో కొలిపించమని ల్యాబ్ వాళ్లని అడుగు. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నయోష్ 2013లో సూచించిన హద్దు, 8 గంటల సగటున ఘనపు మీటరుకు 1 మైక్రోగ్రాము.

వీర్య పరీక్ష పని మొదలవకముందే ఒకటి చేయించి దాచుకో, తర్వాత పోల్చి చూడ్డానికి అదే ఆధారం. వీర్యకణం తయారై బయటికి రావడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది. పొడి ఒలికిన వారానికే పరీక్షకు పరుగెడితే కనపడేది పాత కణాలే. మూడు నెలలు ఆగి చేయించు. ప్రతిసారీ పరీక్షకు ముందు 2 నుంచి 7 రోజులు వీర్యస్ఖలనం లేకుండా ఉండు, నమూనాను గంటలోపు పరీక్ష చేసే ల్యాబ్‌కి చేర్చు. మధ్యలో జ్వరం వచ్చినా కణాలు తగ్గుతాయి, అది డాక్టరుకి చెప్పు. ఏ రోజు, ఏ పొడి, ఎంతసేపు పట్టుకున్నావో నోట్‌బుక్‌లో రాసి ఉంచు, డాక్టరు అడిగే మొదటి ప్రశ్న అదే.

ఇట్లు,
నీ పెదనాన్న