పాత పొడి మళ్ళీ పోయకురా

చి. చిన్నాకి,
పెద్దమ్మ ఆశీస్సులు.

సైదాపేట కోర్టు దగ్గర జెరాక్స్ షాపు పెడుతున్నావట, టోనర్ రీఫిల్ కూడా నువ్వే చేసుకుంటావట. మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. తంబుచెట్టి వీధిలో మన షాపు మూసేశాక ఇంట్లో ఇంకెవరూ ఆ పని ముట్టరనుకున్నాను. సంతోషమేరా. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ముందు మాస్క్ పెట్టుకో. మొహానికి కర్చీఫ్ కట్టుకుంటే చాలదు, ఎన్95 కొనుక్కో. నవ్వకు. టోనర్ అంటే ఉత్త మసి కాదు, సన్నటి ప్లాస్టిక్ పొడి. ఒక్కో రేణువు పది మైక్రాన్ల లోపే ఉంటుంది. మీ పెదనాన్న ఉబ్బసం షాపు వల్లే వచ్చిందని నేననను. కానీ ఆయన దగ్గు వింటూ పడుకున్నదాన్ని, ఈ మాట ముందు రాయకుండా ఉండలేను. కింద పడ్డ పొడిని ఇంట్లో వాడే వ్యాక్యూమ్ క్లీనర్‌తో లాగావా, ఫిల్టర్ దాటి మళ్ళీ గదిలోకే వస్తుంది, మోటారు దగ్గర నిప్పంటుకునే ప్రమాదం కూడా ఉంది. తడిగుడ్డతో తుడుచుకో. చేతులు చన్నీళ్ళతోనే కడుక్కో, వేడినీళ్ళు తగిలితే మెత్తబడి అంటుకుపోతుంది.

స్విచ్ ఆపడం, పొడిని వేడితో కాగితానికి అంటించే ఫ్యూజర్ చల్లారనివ్వడం, కింద న్యూస్ పేపరు పరుచుకోవడం నీకు చెప్పక్కర్లేదు. అక్షరాలు వెలిసినట్టు వస్తే వెంటనే విప్పకు. పొడి ఉండే ఆ కార్ట్రిడ్జ్ డబ్బాని అడ్డంగా పట్టుకుని అటూ ఇటూ మెల్లగా ఊపు, ఇంకొన్ని పేజీలొస్తాయి.

ఇక అసలు సంగతి. మన షాపులో ఒక కుర్రాడుండేవాడు, మహా పనిమంతుడు. హెచ్‌పీ ప్రింటర్‌లో వాడే 12ఏ కార్ట్రిడ్జ్ విప్పి శుభ్రం చేసేటప్పుడు వేస్ట్ బిన్ నిండా పొడి కనిపించింది వాడికి. అక్షరాల రూపంలో పొడిని పట్టి కాగితం మీదికి దించే గొట్టం ఉందే, డ్రమ్, కాగితానికి అంటకుండా దాని మీద మిగిలిన పొడిని వైపర్ బ్లేడ్ గీకి పడేసేది అందులోనే. అందులో కాగితం నూగు, దుమ్ము కలిసిపోయి ఉంటాయి. ఇంత పొడి పారేయడమెందుకని వాడు పల్చటి గుడ్డలో జల్లించి, కొత్త పొడిలో కలిపి పోసేశాడు. నాకు చెప్పలేదు. మొదటి పేజీలు బాగానే వచ్చాయి, అదే కొంప ముంచింది. సాయంత్రం ఒక లాయరుగారి అఫిడవిట్లు లీగల్ సైజులో కట్టలు కట్టలుగా కొట్టాం. తెల్లారి ఫైలింగ్. సగం దాటేసరికి తెల్లగా ఉండాల్సిన చోటంతా బూడిద రంగు, నిలువునా గీతలు. వాడిన పొడికి ఛార్జి సరిగ్గా నిలవదు, నూగు, పొడిని పల్చగా సర్దే డాక్టర్ బ్లేడ్ కింద ఇరుక్కుని గీతలు పెడుతుంది. పక్క షాపువాళ్ళ కాళ్ళావేళ్ళా పడి, వాళ్ళ ప్రింటర్ మీద మొత్తం మళ్ళీ తీసేసరికి అర్ధరాత్రి దాటింది. వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. ఏడ్చాడు. దొంగతనమా చేశాడు పాపం, నాకు నాలుగు డబ్బులు మిగల్చాలనుకున్నాడు. తర్వాత ఇడ్లీ తెప్పించి దగ్గర కూర్చుని తినిపించాను.

నీకూ ఆ పొదుపు బుద్ధే ఉంది, మీ తాత పోలిక. అందుకే భయం. వేస్ట్ బిన్‌లోది కవర్లో కట్టి పారెయ్.

రిచీ స్ట్రీట్‌లో చవగ్గా వస్తుందని ఏ పొడి పడితే ఆ పొడి తేకు. 12ఏకి ఇనుము కలిసిన పొడి కావాలి, శాంసంగ్‌ది వేరు. డ్రమ్‌ని వేలితో ముట్టుకోకు, విప్పగానే నల్లగుడ్డ కప్పు, వెలుతురు తగిలితే పాడవుతుంది. పేజీ మీద ఒకే మచ్చ సుమారు 75 మిల్లీమీటర్లకోసారి పడుతోందా, 12ఏలో అది డ్రమ్ మీది గాయమే. స్కేలు పెట్టి కొలిచి చూడు, ఊరికే రోలర్లన్నీ మార్చేసి కస్టమర్ దగ్గర డబ్బు లాగకు. మన చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో కాగితం కట్టలు విప్పి ఉంచకు, చెమ్మ పట్టిన కాగితం మీద ఎంత మంచి టోనరైనా సరిగ్గా అంటదు.

మొదటి కార్ట్రిడ్జ్ విప్పే రోజు ముందే ఫోన్ చెయ్యి. కోడంబాక్కంలో రైలెక్కితే రెండో స్టేషనే కదా. ఒక స్టూలు వేసి ఉంచు. మాట్లాడకుండా చూస్తూ కూర్చుంటానంటే నువ్వు నమ్మవులే.

మీ పెద్దమ్మ