పాత క్రూయిజర్ బోటుకి ఇంజిన్ సరిపోతుందా? ముందు వేబ్రిడ్జి ఎక్కించండి

బోటు ప్రశ్న అనంతపురం నుంచి వచ్చిందంటే జవాబు రాయకుండా ఉండలేకపోయాను. ఈ తలనొప్పి కొని తెచ్చుకున్నవాళ్లు మన సీమలో ఎంతమంది ఉంటారు చెప్పండి. మీరు అడిగింది ఇదీ: 28 అడుగుల పాత క్రూయిజర్, 260 హార్స్‌పవర్ డీజిల్ ఇంజిన్ ఒకటే, ఖాళీ బరువు 3,600 కిలోలని అమ్మేవాడి మాట, గండికోట నీళ్లలో పదిమందిని ఎక్కించి తిప్పాలని మీ ఆలోచన, ఆ ఇంజిన్ చాలుతుందా అని.

260 అన్న అంకె ఒక్కటే చూసి ఎవరూ చెప్పలేరు. అది ఎంత బరువును నెట్టాలో తెలిస్తేనే లెక్క తేలుతుంది, ఆ బరువు విషయంలో అమ్మేవాడి మాట అస్సలు నమ్మొద్దు. నేను నమ్మి మునిగాను, అంటే నీళ్లలో కాదు, డబ్బుల్లో.

మాది కర్నూలు. నేనూ మా బామ్మర్దీ కలిసి 22 అడుగుల కేబిన్ బోటు ఒకటి సముద్రం ఒడ్డున ఉన్న ఊరి నుంచి తెచ్చుకున్నాం, 135 హార్స్‌పవర్ పెట్రోల్ ఇంజిన్. అక్కడ చూసింది డిసెంబరు పొద్దున, చల్లటి గాలి, బోటులో నేనూ అమ్మేవాడూ ఇద్దరమే, ట్యాంకులో అడుగున ఇంత పెట్రోలు. రయ్యిమని పోయింది. థ్రాటిల్, అంటే వేగం పెంచే లివర్, పూర్తిగా తోసినా ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) మీటరు 4,100 దగ్గర ఆగింది. ఆ ఇంజిన్ పుస్తకంలో ఫుల్ థ్రాటిల్‌కి 4,400 నుంచి 4,800 రావాలని రాసి ఉంది, అది నేను తర్వాత చదివాను. ఇద్దరితోనే అందుకోలేకపోతోందని మీటరు కళ్ల ముందే చెబుతుంటే మేం స్పీడు చూసి మురిసిపోతున్నాం.

మార్చి ఆఖర్లో శ్రీశైలం బ్యాక్‌వాటర్‌లో దించాం. సంగమేశ్వరం గుడి నీళ్లలోంచి బయటపడే రోజులు, ఎండ మాడిపోతోంది. ఎనిమిదిమందిమి, రెండు వాటర్ క్యాన్లు, బిర్యానీ డేక్సా. థ్రాటిల్ తోస్తే బోటు ముక్కు ఆకాశంలోకి లేచింది, వెనకభాగం నీళ్లలోకి కూర్చుంది, అంతే. వేగం అందుకున్నాక ముక్కు దిగి బోటు నీళ్ల మీద సమంగా పరుగెత్తాలి, మాది ఇక దిగలేదు. "బావా, ముందేముందో కనపడట్లేదు" అంటాడు మా బామ్మర్ది స్టీరింగ్ పట్టుకుని. 3,700 ఆర్‌పీఎం దగ్గర ఇంజిన్ మూలుగుతోంది. అంతలో ఎదురుగాలి మొదలైంది, పక్కనుంచి మరబోటువాళ్లు నవ్వుకుంటూ దాటిపోయారు.

అప్పుడు చేసిన పని కొనేముందే చేయాల్సింది. ట్రైలరుతో సహా బోటును వేబ్రిడ్జికి తీసుకెళ్లాం, ముందూ వెనకా బేతంచెర్ల నాపరాళ్ల లారీలు, మధ్యలో మా తెల్ల బోటు, కాటా అబ్బాయి బయటికొచ్చి ఫోటో తీసుకున్నాడు. మొత్తం 2,860, ట్రైలరు ఒక్కటి 750, అంటే బోటు 2,110 కిలోలు. కంపెనీ కాగితం మీద 1,700. మిగతా నాలుగు వందల కిలోలు ఎక్కడివా అని ఫ్లోరు కోసి చూస్తే, అడుగున తేలడానికి నింపిన ఫోమ్ ఏళ్ల తరబడి నీళ్లు తాగి కూర్చుంది. ఒక ముక్క పీకి పిండితే, ఉగ్గానికి నానబెట్టిన బొరుగులు పిండినట్టు, మోచేతి దాకా నీళ్లు కారాయి. పాత ఫైబర్ బోట్లలో ఇది మామూలే.

ఇక లెక్క. నీళ్ల మీదికి లేచి పరుగెత్తే బోటుకైతే ఒక్కో హార్స్‌పవర్‌కి 18 నుంచి 23 కిలోల దాకా బరువు పెట్టొచ్చని మోటు లెక్క, 23 దాటితే లేవడమే కష్టం, 12 దగ్గరుంటే హుషారుగా ఉంటుంది. మాది మనుషులు, పెట్రోలు, సామాను కలిపి 2,800 కిలోలు, 135తో భాగిస్తే దాదాపు 21. పనికొస్తుంది గానీ దమ్ము మిగలదు. మీది 3,600కి ఇంకో పది శాతం నీళ్లు తాగిన బరువు వేసుకోండి, పదిమందికి 700, డీజిలు 250, మంచినీళ్లు, లంగరు, బ్యాటరీలు 150, మొత్తం 5,000 దాటుతుంది. 260తో భాగిస్తే 19 పైచిలుకు. చేయి తిరిగినవాడు నడిపితే సరిపోతుంది, కానీ అది తూచాకే నమ్మండి.

మీ పని మెల్లగా తిప్పి కొండలు చూపించడమే అయితే కథ వేరు. నీళ్లు తగిలే గీత దగ్గర కొలిస్తే 25 అడుగుల పొడవున్న బోటు నీళ్లను చీల్చుకుంటూ పోయే వేగం గంటకి 12 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది, దానికి టన్నుకి నాలుగైదు హార్స్‌పవర్ చాలు, 260లో పదోవంతు కూడా వాడరు. మిగతాదంతా గాలి లేచినప్పుడు ఒడ్డుకి చేరడానికి. గండికోట లోయలో గాలి ఎటునుంచి కొడుతుందో తెలియదు కాబట్టి ఆ నిల్వ ఉండటం మంచిదే.

టెస్టు ఎప్పుడూ నిండు లోడుతోనే చేయండి. మనుషుల్ని పోగేయక్కర్లేదు, ఖాళీ 20 లీటర్ల క్యాన్లు పట్టుకెళ్లి అక్కడి నీళ్లతోనే నింపండి, 35 క్యాన్లంటే పదిమంది బరువు. థ్రాటిల్ పూర్తిగా తోసి ఇంజిన్ పుస్తకంలో రాసిన ఆర్‌పీఎం వస్తోందా చూడండి. ఏడెనిమిది సెకన్లలో ముక్కు దిగితే బాగున్నట్టు, పదిహేను లెక్కపెట్టినా దిగకపోతే వదిలేయండి. పొద్దున కాదు, మధ్యాహ్నం చేయండి, వేడిగాలికి ఇంజిన్ బలం తగ్గుతుంది, సుమారుగా ఐదారు డిగ్రీలకి ఒక శాతం. డీజిలు కాబట్టి లోడులో ఆగకుండా నల్లపొగ కక్కుతోందా అన్నది కూడా చూడాలి. కంప్రెషన్, అంటే సిలిండర్లలో గాలిని నొక్కే ఒత్తిడి, చెక్ చేయించి సిలిండర్ల మధ్య తేడా పది పదిహేను శాతం లోపే ఉందని తేల్చుకోండి.

ఆర్‌పీఎం రాకపోతే వెంటనే ఇంజిన్ చచ్చిందనుకోవద్దు. మాకు ఫ్యాన్ తప్పు, అదే ప్రొపెల్లర్. 19 అంగుళాల పిచ్ (ఫ్యాన్ ఒక్క చుట్టుకి ముందుకు పోవాల్సిన దూరం) ఉన్నది తీసి 15 వేశాం, పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుంది, అదే లోడుతో 4,400 అందుకుంది. ఇప్పుడు ఖాళీగా పోయేటప్పుడు చేయి అదుపులో పెట్టుకోవాలి, లేదంటే 4,800 దాటిపోతుంది. ఫోమ్ కూడా మార్చాక ఎనిమిదిమందితో ముక్కు దిగుతోంది. ఖర్చు మాత్రం దిగలేదు, ఫుల్ థ్రాటిల్‌లో గంటకి 50 లీటర్ల పెట్రోలు తాగుతుంది, అందుకే తోలేది తక్కువ, తుడిచేది ఎక్కువ.

2021 ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం కింద రిజిస్ట్రేషన్, సర్వే కాగితాలు ఉన్నాయా అన్నది విడిగా అడగండి, 2019లో గోదావరిలో టూరిస్టు బోటు మునిగిన కచ్చులూరు ప్రమాదం తర్వాత టూరిస్టులను ఎక్కించే పనిలో దాన్ని తేలిగ్గా తీసుకునే పరిస్థితి లేదు. క్యాన్లు నింపి టెస్టు చేస్తానంటే అమ్మేవాడు ఏమంటాడో చూసి ఇక్కడే రాయండి. మా ఇంట్లో ఖాళీ క్యాన్లు పన్నెండు ఉన్నాయి, కర్నూలు మీదుగా వెళ్తే తీసుకెళ్లండి.