అరా పార్సీగియన్ మీద నీ వ్యాసం

తమ్ముడికి ఆశీస్సులు.

అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్ పార్సీగియన్ మీద నీ వ్యాసం చదివాను. తారీఖులు, స్కోర్లు సరిగ్గానే ఉన్నాయి, మనిషే కనిపించలేదు. నోటర్ డేమ్ యూనివర్సిటీ జట్టుకు 1966లో, 1973లో జాతీయ టైటిల్ తెచ్చిపెట్టాడని మొదలెట్టి, గెలుపు మీద గెలుపు పేర్చుకుంటూ పోయావు.

1949 దగ్గర కాసేపు ఆగు. క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ అనే ప్రొఫెషనల్ జట్టుకి ఆడుతుండగా తుంటికి దెబ్బ తగిలి, ఇరవై ఆరేళ్లకే ఆట ముగిసింది. మరుసటి ఏడాది ఓహాయోలో తాను చదివిన మయామి యూనివర్సిటీలోనే కోచింగ్ మొదలుపెట్టాడు. ఈ రెంటికీ కలిపి ఒక్క వాక్యం ఇచ్చావు! బ్రౌన్స్‌లో అతని కోచ్ పాల్ బ్రౌన్ ఆటగాళ్లను క్లాసులో కూర్చోబెట్టి నోట్సు రాయించేవాడు, పరీక్షలు పెట్టేవాడు. పార్సీగియన్‌లోని గురువు ఎక్కడ తయారయ్యాడో అక్కడ వెతుకు.

1957లో అతను కోచ్‌గా ఉన్న నార్త్‌వెస్టర్న్‌ యూనివర్సిటీ జట్టు ఆడిన తొమ్మిది మ్యాచ్‌లూ ఓడిపోయింది. అది నువ్వు రాయనే లేదు. అభిమానంతో దాచావేమో, దాచకు. ఆ ఏడాది తెలిస్తేనే, 1964లో నోటర్ డేమ్‌లో అతను జాన్ హువార్టేని ఎలా నమ్మాడో పాఠకుడికి అర్థమవుతుంది. అప్పటిదాకా ఎక్కువగా బెంచీ మీదే కూర్చున్న క్వార్టర్‌బ్యాక్ (దాడి నడిపే, పాసులు వేసే ఆటగాడు) అతను. ఆ ఏడాది చివరికి కాలేజీ ఆటగాళ్లలో మేటికి ఇచ్చే హైస్‌మన్ ట్రోఫీ అందుకున్నాడు. అంతకుముందు సీజన్‌లో రెండే గెలిచిన జట్టు తొమ్మిది గెలిచింది.

ఇక 1966 నవంబర్ 19, మిషిగన్ స్టేట్‌తో 10-10 డ్రా. 'పిరికితనం' అని ఒక్క మాటలో తేల్చేశావు. ఆ తీర్పు చెప్పేముందు మమ్మల్ని మైదానం పక్కన నిలబెట్టు. మొదటి క్వార్టర్‌బ్యాక్ హాన్‌రాటీ మొదట్లోనే గాయపడ్డాడు. అతని బదులు దిగిన కోలీ ఒబ్రయన్ షుగర్ పేషెంటు, అలసిపోయాడు. మొదట పది పాయింట్లు వెనకబడి, కష్టపడి సమం చేశారు. చివర్లో నిమిషం పైచిలుకు ఉంది, బంతి తమ వైపే 30 గజాల గీత దగ్గరుంది. పాసు వేస్తే ఎదుటివాడు అందుకోవచ్చు. అందుకే పార్సీగియన్ ఎక్కువగా బంతి పట్టుకుని పరుగెత్తే ఆటలతోనే గడియారం నడిపించాడు. ఎదుటి జట్టు కుర్రాళ్లు ఎగతాళి చేశారు, పత్రికలు ఏళ్ల తరబడి దుమ్మెత్తిపోశాయి. నా మటుకు నాకు అతను చేసింది సబబే. కుర్రాళ్లు అంత కష్టపడి తెచ్చుకున్నదాన్ని ఒక్క పాసుకి పణంగా పెట్టలేదు. నీకు వేరేగా తోస్తే అలాగే రాయి, కాకపోతే ఒబ్రయన్‌ని చూపించాక రాయి.

ముందు 1957 భాగం రాసి పంపు. మిగతాది తర్వాత చూద్దాం.