నోటీసు ఏ శాఖదో ముందు చూడండి
(ప్రశ్న - జవాబు: చిన్న వ్యాపారాలు, లైసెన్సులు)

ప్రశ్న: బస్టాండు దగ్గర పన్నెండేళ్లుగా ఇడ్లీ, దోసెల బండి నడుపుతున్నాం సార్. పోయిన వారం ఆక్రమణల తొలగింపు అని చెప్పి బండి, పొయ్యి, సిలిండరు, గిన్నెలు అన్నీ లారీలో వేసుకుపోయారు. ముందుగా నోటీసు లేదు, తర్వాత రసీదూ లేదు. వెళ్లి అడిగితే జరిమానా కట్టి తీసుకెళ్లమంటున్నారు. ఎంతో కాగితం మీద రాసివ్వడం లేదు. నా దగ్గర వీధి వ్యాపారి గుర్తింపు కార్డు ఉంది. ఏం చెయ్యాలి?
- ఓ పాఠకురాలు, తిరుపతి

జవాబు: సామాను తిరిగి ఇవ్వమని ఈ రోజే రాసి ఇవ్వండమ్మా. ఇన్నాళ్లూ నోటితో అడిగినది లెక్కలోకి రాదు. వీధి విక్రయదారుల చట్టం, 2014 గడువును మీరు అడిగిన నాటి నుంచి లెక్కిస్తుంది. అడిగినట్టు రుజువు మీ చేతిలో ఉండాలి. సెక్షన్ 19 ప్రకారం పాడైపోయే సరుకును అడిగిన రోజే, మిగతా సామానును రెండు పనిదినాల్లో ఇచ్చెయ్యాలి. రుసుము తీసుకునే అధికారం వాళ్లకు ఉంది. రసీదు లేకుండా మాత్రం ఒక్క రూపాయీ కట్టకండి.

అర్జీ మున్సిపల్ కమిషనర్ పేరున రాయండి. తీసుకెళ్లిన తేదీ, సమయం, చోటు, లారీ నంబరు, మీ కార్డు నంబరు ఉండాలి. చాలామంది చేసే పొరపాటు 'నా సామాను' అని ఒక్క మాటతో సరిపెట్టడం. అలా రాస్తే రేపు సగం గిన్నెలు కనబడకపోయినా అడగలేరు. 'దోసె పెనం 1, ఇడ్లీ పాత్ర 1, రెండు బర్నర్ల పొయ్యి 1, రెగ్యులేటరు 1, 19 కిలోల సిలిండరు 1, స్టీలు బకెట్లు 3, నాలుగు చక్రాల బండి 1' అని వరసగా రాయండి. సిలిండరు మెడ దగ్గర ఉండే నంబరు గ్యాస్ బిల్లులో దొరికితే అదీ వెయ్యండి. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకటి ఆఫీసు టపా విభాగంలో ఇచ్చి, రెండోదాని మీద తేదీ, ముద్ర వేయించుకోండి. అర్జీ తీసుకోబోమని అంటే అక్కడే గొడవ పడొద్దు, స్పీడ్ పోస్టులో పంపండి.

అసలు ఇది ఏ వరసలో జరగాలో తెలిస్తే మీ అర్జీకి బలం వస్తుంది. మొదట వీధి వ్యాపారుల సర్వే. దాన్ని అయిదేళ్లకోసారి టౌన్ వెండింగ్ కమిటీ చెయ్యాలి. ఆ కమిటీలో కనీసం 40 శాతం వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు మహిళలు. సర్వే ముగిసి, అందరికీ విక్రయ ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదని సెక్షన్ 3 చెబుతోంది. ఆ తర్వాత కూడా ఒక చోటు నుంచి తరలించాలంటే 30 రోజుల నోటీసు తప్పనిసరి. ఆ గడువు దాటినా కదలకపోతే రోజుకు 250 రూపాయల దాకా జరిమానా వెయ్యొచ్చు, అదీ స్వాధీనం చేసుకున్న సరుకు విలువను మించకూడదు. సామాను ఎత్తుకెళ్లే మాట దాని తర్వాతిదే. ఎత్తుకెళ్లేటప్పుడు జాబితా రాసి, అధికారి సంతకంతో మీకు ఒక ప్రతి ఇవ్వాలి. మీ విషయంలో నోటీసు లేదు, జాబితా లేదు. ఈ రెండూ అర్జీలో విడివిడిగా, సెక్షన్ 18, సెక్షన్ 19 అని నంబర్లతో రాయండి.

ఒక సంగతి జాగ్రత్తగా చూసుకోండి. మీ దగ్గరున్నది గుర్తింపు కార్డు మాత్రమేనా, విక్రయ ధ్రువపత్రం కూడా ఉందా? రెండూ ఒకటి కాదు. కార్డు మీరు ఎవరో చెబుతుంది, ధ్రువపత్రం మీరు ఎక్కడ, ఏ వేళల్లో అమ్ముకోవచ్చో చెబుతుంది. లేకపోతే మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) సిబ్బంది దగ్గర సర్వే జాబితాలో మీ పేరుందో లేదో చూసుకుని, ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టండి. మరొకటి, రైల్వే వారి స్థలానికి ఈ చట్టం వర్తించదు. తిరుపతి స్టేషను చుట్టుపక్కల బండి పెట్టేవాళ్లు, తాము నిలబడ్డది కార్పొరేషన్ రోడ్డు మీదా, రైల్వే హద్దులోనా అన్నది ముందే తెలుసుకోవాలి. ఆ రెండు గజాల తేడాతో రక్షణ మొత్తం పోతుంది.

రెండు పనిదినాలు దాటినా సామాను రాకపోతే కోర్టు ప్రాంగణంలోని న్యాయ సేవాధికార కమిటీకి ముద్ర పడిన కాపీతో వెళ్లండి. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు.

ప్రశ్న: కాలనీలో సొంత ఇంటి ముందు గదిలో ఆర్నెల్ల క్రితం కర్రీ పాయింట్ పెట్టాను. ట్రేడ్ లైసెన్సు తీసుకున్నాను. ఇప్పుడు టౌన్ ప్లానింగ్ నుంచి ఒక నోటీసు, కరెంటు వాళ్ల నుంచి ఏడాదికి లెక్కగట్టిన పెద్ద మొత్తంతో ఇంకో నోటీసు వచ్చాయి. లైసెన్సు ఉన్నాక ఇవేంటి సార్?
- ఓ పాఠకుడు, ఎస్టీవీ నగర్, తిరుపతి

జవాబు: ట్రేడ్ లైసెన్సు వ్యాపారానికి ఇచ్చేది. ఆఫీసుల్లో డి అండ్ ఓ (ప్రమాదకర, అభ్యంతరకర వ్యాపారాల) లైసెన్సు అనేది అదే. కార్పొరేషన్ చట్టంలో సెక్షన్ 521 కింద వస్తుంది. అది కట్టడాన్ని సక్రమం చెయ్యదు, కరెంటు కేటగిరీని మార్చదు, ఆహార భద్రత రిజిస్ట్రేషన్‌కు బదులు కాదు. నాలుగు శాఖలు, నాలుగు కాగితాలు. ఒకరికి రాయాల్సిన జవాబు ఇంకొకరికి రాస్తే గడువు ఊరికే పోతుంది.

కరెంటు నోటీసు ముందు తేల్చండి, డబ్బు ఎక్కువ పోయేది అక్కడే. ఇంటి సర్వీసు మీద వ్యాపారం చేస్తే విద్యుత్ చట్టం, 2003 సెక్షన్ 126 కింద వాణిజ్య కేటగిరీ ధరకు రెట్టింపు లెక్కగడతారు. వాడకం ఎప్పుడు మొదలైందో తేలితే ఆ కాలానికే వెయ్యాలి. తేలకపోతేనే, తనిఖీకి ముందు 12 నెలలకు వేస్తారు. మీరు మొదలుపెట్టి ఆరు నెలలే అంటున్నారు. ట్రేడ్ లైసెన్సు తేదీ, ఆహార భద్రత (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) రిజిస్ట్రేషన్ తేదీ, పొయ్యి, కౌంటర్ కొన్న బిల్లులు, యూనిట్లు ఏ నెల నుంచి పెరిగాయో చూపే పాత కరెంటు బిల్లులు జతచేసి అభ్యంతరం రాయండి. మొత్తం సగానికి తగ్గే అవకాశం ఉంది. వచ్చింది తాత్కాలిక ఉత్తర్వే కాబట్టి తుది ఉత్తర్వుకు 30 రోజులే గడువు. అందుకే అభ్యంతరం మొదటి వారంలోనే పడాలి. ఊరుకుంటే అదే మొత్తం ఖాయమవుతుంది. అప్పీలుకు వెళ్లాలంటే సగం సొమ్ము ముందు కట్టాలి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లినా నిలవదు. సెక్షన్ 126 లెక్కలు దాని పరిధిలోకి రావని 2013లోనే సుప్రీంకోర్టు చెప్పింది. దీనితోపాటే ముందు గదికి వేరుగా కేటగిరీ 2 (వాణిజ్య) సర్వీసు తీసుకోండి. ఇల్లంతా ఒకే మీటరు మీద ఉంచితే మీ ఫ్యాను, ఫ్రిజ్ కూడా వాణిజ్య ధరకే తిరుగుతాయి.

ఇక టౌన్ ప్లానింగ్. నోటీసులో సెక్షన్ నంబరు చూడండి. 452 అయితే అది కట్టడం గురించి, గదిలో కూరలు అమ్మడం గురించి కాదు. కర్రీ పాయింట్ల విషయంలో ఎక్కువగా పట్టుబడేది ముందు ఖాళీ స్థలంలో వేసిన రేకుల షెడ్డు. వంట కోసమో, జనం నిలబడడానికో నాలుగు గొట్టాలు పాతి రేకులు కప్పుతారు. ప్లానులో అది సెట్‌బ్యాక్, అంటే ఖాళీగా వదలాల్సిన చోటు. మీకూ అదే అయితే వాదించకండి. షెడ్డు తీసేసి, తీయకముందు, తీసిన తర్వాత ఒకే కోణంలో ఫొటోలు పెట్టి, ఆమోదం పొందిన ప్లాను నకలు జతచేసి గడువులోపు జవాబివ్వండి. చాలా నోటీసులు ఇంతటితోనే ముగుస్తాయి. నోటీసు స్థల వినియోగం గురించైతే, మాస్టర్ ప్లానులో మీ సర్వే నంబరు ఏ జోన్‌లో ఉందో ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్ తీసుకుని, ఆ జోన్‌లో అనుమతించే పనుల జాబితాతో పోల్చి జవాబు రాయండి. నివాస జోన్ అనగానే ఏ దుకాణమూ కుదరదని కాదు. జోన్ మార్పిడి మాత్రం ప్రకటన, ప్రజల అభ్యంతరాలు, రుసుములతో నడిచే పని. ఒక్క ముందు గది కోసం దాని జోలికి వెళ్లొద్దన్నది మా సలహా.

ఇలాంటి నోటీసుల వెనుక తరచుగా పక్కింటివారి ఫిర్యాదు ఉంటుంది. తాలింపు పొగ వాళ్ల కిటికీలోకి పోవడం, నూనె జిడ్డు వీధి కాలువలో గడ్డకట్టి నీళ్లు నిలవడం, సాయంత్రం గేటుకు అడ్డంగా బండ్లు ఆపడం. చిమ్నీ గొట్టాన్ని పక్కింటి డాబా ఎత్తు దాటించండి. గిన్నెలు కడిగే నీళ్లు కాలువలో కలవకముందు జిడ్డు నిలిచే చిన్న తొట్టి కట్టి, తేలిన జిడ్డును ఎప్పటికప్పుడు తీసేయండి. ఇవి చెయ్యకుండా ఎన్ని కాగితాలు పెట్టినా మళ్లీ ఫిర్యాదు వస్తుంది.

ప్రశ్న: చిత్తూరు హైరోడ్డులో మా దుకాణం ముందు మెట్లు, ర్యాంపు, బోర్డు పగలగొట్టారు. 30 రోజుల నోటీసు ఇవ్వాలి కదా?
- ఓ పాఠకుడు, చిత్తూరు

జవాబు: ఆ 30 రోజులు వీధి వ్యాపారులకు, మీకు కాదు. కాలువ మీద, రోడ్డు మీద వేసిన మెట్లను నోటీసు లేకుండానే తొలగించే అధికారం చట్టం కమిషనర్‌కు ఇచ్చింది. మీ పట్టా హద్దులోపల పగలగొట్టి ఉంటే మాత్రం అది వేరే సంగతి. పత్రంలోని కొలతలతో సర్వేయర్ చేత హద్దు వేయించి, టేపు కనబడేలా ఫొటోలు తీయించి అప్పుడు అడగండి. మళ్లీ కట్టేటప్పుడు మెట్లు దుకాణం లోపలికి తీసుకోండి. స్థలం కొంచెం తగ్గినా కట్టింది నిలుస్తుంది.

ప్రశ్న: టిఫిన్ సెంటర్లో సిలిండర్లు ఎన్ని ఉంచుకోవచ్చు?
- ఓ పాఠకుడు, రేణిగుంట

జవాబు: వంటగ్యాస్ 100 కిలోలు దాటితే నిల్వకు వేరే లైసెన్సు కావాలి. 19 కిలోలవి అయిదు ఉంటే 95 కిలోలు. ఆరోది పెడితే 114 అవుతుంది. ఇంటికిచ్చే 14.2 కిలోల ఎర్ర సిలిండరు ఒక్కటి కూడా దుకాణంలో ఉండకూడదు, ఖాళీదైనా సరే. తనిఖీలో దొరికితే అది 'ఇంటికి తీసుకెళ్లడానికి పెట్టింది' అన్న మాట చెల్లదు.