లిఫ్టు లేని హోటల్‌కి అంత డబ్బా?

ప్రశ్న: మా పెళ్ళై పాతికేళ్ళు నిండుతున్నాయి. పాండిచ్చేరి ఫ్రెంచి వీధుల్లో, పాత ఇంటిని బాగుచేసి నడిపే బొటీక్ హోటల్లో రెండు రాత్రులు ఉందామని మా పాప పట్టు పడుతోంది. గది రోజుకి 7,600, ట్యాక్స్ అదనం. లిఫ్టు లేదు, స్విమ్మింగ్ పూల్ లేదు. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు. అలాంటి చోట ఎలా మసలుకోవాలో కూడా తెలీదు, టెన్షన్‌గా ఉంది. వెళ్ళొచ్చా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: తప్పకుండా వెళ్ళండి, కానీ బుక్ చేసే ముందు హోటల్‌కి ఒక ఫోన్ చేయండి. అక్కడ డబ్బంతా ఆ ఇంటికి, ఆ వీధికే. మధ్యలో ఆకాశం కనిపించే వాకిలి, చుట్టూ గదులు, ఎత్తైన కప్పు, చూడగానే మన మండువా ఇల్లు గుర్తొస్తుంది. చాలావాటిలో గదులు పది పదిహేనుకి మించవు, కాబట్టి రెండో రోజుకే వంటాయన మీ అత్తయ్యకి కాఫీలో చక్కెర వేయాలో వద్దో గుర్తు పెట్టుకుంటాడు. మసలుకోవడం గురించి భయమే వద్దు, చుట్టాలింటికి వెళ్ళినట్టే.

అసలు చిక్కు మెట్లతోనే. పాత ఇళ్ళలో అవి నిటారుగా, ఇరుకుగా ఉంటాయి. అందుకే కింది గదే కావాలని ముందే చెప్పి, ఆ మాట మెసేజ్‌లో రాయించుకోండి. బాత్‌రూమ్‌లోకి దిగడానికి గడప ఎంత ఎత్తుందో, పట్టుకోవడానికి కడ్డీ ఉందో లేదో కూడా అడగండి, ఫొటోల్లో అవి కనపడవు. వాకిలి పక్క గదైతే పొద్దున టిఫిన్ చేసేవాళ్ళ మాటలు వినిపిస్తాయి, అయినా మీకు మెట్ల కన్నా అదే నయం.

డబ్బు సంగతి. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకి 7,500 వరకు ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18. మీ 7,600 గది పన్నుతో 8,968 అవుతుంది, అదే 7,400కి ఇస్తే 7,770. రెండు వందల తేడాకి దాదాపు పన్నెండు వందలు! శని, ఆదివారాలు చెన్నై, బెంగళూరు జనంతో రేట్లు పెరుగుతాయి, మంగళ, బుధవారాలకి అడిగి చూడండి, తగ్గిస్తారు. నవంబర్ మాత్రం వద్దు, మనకిలాగే అక్కడా వానలు దంచేస్తాయి.

రాత్రి రైలెక్కి చెన్నైలో దిగితే అక్కడి నుంచి ఇంకో 150 కిలోమీటర్లు. మీరు పదింటికి చేరినా గది సాధారణంగా మధ్యాహ్నం గానీ ఇవ్వరు. సామాను పెట్టుకుని, అత్తయ్య కాసేపు నడుం వాల్చే చోటు ఉంటుందా అని అడగండి.

మనకుల వినాయకుడి గుడి ఆ వీధుల్లోనే ఉంది. సాయంత్రం ఆరు దాటాక బీచ్ రోడ్డు మీద వాహనాలు ఆపేస్తారు. అత్తయ్యని గాంధీ విగ్రహం దగ్గర పాప పక్కన కూర్చోబెట్టి, మీరిద్దరూ ఆ చివరి దాకా నడిచి రండి.