ఏడు భుజాల దగ్గర ఆగిపోయిన మేనకోడలికి

విజయనగరం, కంటోన్మెంట్

అమ్మలూ, మావయ్య ఆశీస్సులు.

శ్రీకాకుళం హాస్టల్ నుంచి నువ్వు రాసిన ఉత్తరం చదివాను. ఫీల్డ్ ఎక్స్‌టెన్షన్లు (ఒక సంఖ్యల సమితిలోకి కొత్త మూలాన్ని చేర్చి పెద్దది చెయ్యడం) బుర్రకెక్కడం లేదు, పరీక్షంటే టెన్షన్‌గా ఉంది అన్నావు. సిద్ధాంతం పక్కనపెట్టి జామెట్రీ బాక్స్ తియ్యి. నేనూ ఒకప్పుడు బట్టీపట్టినవాణ్ణే. స్కేలూ వృత్తలేఖినీతో మాత్రమే ఏ క్రమ బహుభుజుల్ని గీయగలం, వేటిని గీయలేం అన్నది ఐదు భుజాలకీ ఏడు భుజాలకీ చేత్తో చేసి చూశాకే నాకు అర్థమైంది.

ముందు ఐదు. మా రోజుల్లోలా x, y లకి క్ష, య అనే రాస్తాను. 1 వ్యాసార్ధం ఉన్న వృత్తం మీద క్రమ పంచభుజి శీర్షాలు క్ష⁵ = 1 మూలాలే. క్ష⁵ = 1 లోంచి క్ష = 1 తీసేస్తే క్ష⁴ + క్ష³ + క్ష² + క్ష + 1 = 0 మిగులుతుంది. క్ష² తో భాగించి, క్ష + 1/క్ష ని య అనుకో. య² + య − 1 = 0. ఉత్త వర్గ సమీకరణం! ధన మూలం (√5 − 1)/2, అంటే దాదాపు 0.618.

ఇప్పుడు దాన్ని కాగితం మీద చూడు. క కేంద్రంగా 10 సెం.మీ. వ్యాసార్ధంతో వృత్తం గియ్యి. ఒకదానికొకటి లంబంగా కఅ, కబ వ్యాసార్ధాలు. కబ మధ్యబిందువు మ. వృత్తలేఖిని ముల్లు మ మీద పెట్టి, అ దాకా తెరిచి, కేంద్రానికి అవతలి వైపు వ్యాసాన్ని ప దగ్గర ఖండించు. కప కొలిస్తే 6.18 సెం.మీ. వస్తుంది, 10 సెం.మీ.ని 1 అనుకుంటే మన య అదే. అప (11.76) క్రమ పంచభుజి భుజం. పెన్సిల్ మొన సన్నగా చెక్కుకో, లేకపోతే ఐదో చాపం మొదటి బిందువుకి కలవదు.

ఏడుకి ఇలాగే చేస్తే య³ + య² − 2య − 1 = 0 వస్తుంది. అకరణీయ మూలం ఉంటే 1 గానీ −1 గానీ కావాలి, రెండూ పనిచెయ్యవు. కాబట్టి య డిగ్రీ, అంటే అకరణీయ గుణకాలతో దానికి కుదిరే అతి చిన్న సమీకరణం ఘాతం, 3. స్కేలూ వృత్తలేఖినీ ఒక్కో అడుగులో వర్గమూలమే ఇవ్వగలవు. డిగ్రీ 2, 4, 8 ఇలాగే పెరుగుతుంది. వాటిలో దేన్నీ 3 భాగించదు. ఒకదాని మీద ఒకటి కట్టిన విస్తరణల డిగ్రీలు గుణించుకుంటూ పోతాయని నువ్వు భయపడుతున్న టవర్ సిద్ధాంతం చెప్పేది ఇదే.

తొమ్మిది దగ్గర జాగ్రత్త. 3×3 కదా, మూడు కుదిరింది కదా అని చాలామంది సరే అనేస్తారు. అక్కడా య³ − 3య + 1 = 0 అనే ఘన సమీకరణమే అడ్డు. పదిహేడుకి మాత్రం క్ష = 1 తీసేస్తే మిగిలే డిగ్రీ 16 = 2⁴, నాలుగు వర్గమూలాలతో అయిపోతుంది. 1796 మార్చిలో అది కనిపెట్టేనాటికి జర్మన్ గణితవేత్త గౌస్‌కి పంతొమ్మిదేళ్లయినా నిండలేదు. ఏడు, తొమ్మిది లాంటివి అసాధ్యమనే నిరూపణను 1837లో ప్రచురించింది ఫ్రెంచ్ గణితవేత్త వాంట్జెల్. జవాబులో ఆయన పేరు మర్చిపోకు.

సిరిమానుకి వస్తావుగా, పదిహేడుని ఇద్దరం కలిసి గీద్దాం. పెద్ద డ్రాయింగ్ షీట్ తెచ్చి ఉంచుతాను.

మీ మావయ్య