టూరుకి వెళ్లి క్రెడిట్ తెచ్చుకోవాలంటే

చిట్టీ,

వేసవిలో ఐస్‌లాండ్ వెళ్లి అక్కడే ఒక జాగ్రఫీ క్రెడిట్, అంటే హైస్కూల్ లెక్కలో పడే ఒక పూర్తి కోర్సు, పూర్తి చేద్దామనుకుంటున్నానని నువ్వు పెట్టిన మెసేజ్ చూసి చాలా సంతోషమేసింది. కెనడాలో మన అంటారియో రాష్ట్రం స్కూళ్లలో జాగ్రఫీ చెప్పి, ఇలాంటి ప్రయాణాల్లో పిల్లల వెంట తిరిగినదాన్ని కాబట్టి మీ నాన్న డబ్బు కట్టేలోపే కొన్ని సంగతులు రాస్తున్నాను. అమ్మకి కూడా చదివి వినిపించు.

అన్నిటికన్నా ముందు కోర్సు కోడ్ చూడు. సీజీజీ3ఓ అని ఉంటే అది పదకొండో గ్రేడ్ ట్రావెల్ అండ్ టూరిజం. చివర ఉన్న ఓ అంటే ఓపెన్ కోర్సు, తర్వాత ఏం చదవబోయే పిల్లలైనా తీసుకోగలిగేది. హైస్కూల్ డిప్లొమాకి కావలసిన 30 క్రెడిట్లలో అది లెక్కకొస్తుంది, కానీ యూనివర్సిటీ వాళ్లు సగటు కట్టే పన్నెండో గ్రేడ్ కోర్సులు ఆరింటిలోకి రాదు. నువ్వు చదవాలనుకుంటున్నది పర్యావరణం కదా, అలాంటప్పుడు సీజీఆర్4ఎం, అంటే ఎన్విరాన్‌మెంట్ అండ్ రిసోర్స్ మేనేజ్‌మెంట్ దొరుకుతుందేమో అడుగు, అది ఆ ఆరింటిలోకి వస్తుంది. దానికి ముందు చేసి ఉండాల్సిన కోర్సు నీకుందో లేదో మీ గైడెన్స్ కౌన్సెలర్‌తో చూపించుకో, జవాబు ఈమెయిల్‌లో తీసుకో, నోటిమాట వద్దు. ఇంకో సంగతి, కొన్ని యూనివర్సిటీ ప్రోగ్రాముల వాళ్లు మామూలు స్కూలు బయట చేసిన కోర్సుల గురించి విడిగా అడుగుతారు, కాబట్టి నువ్వు అప్లై చేయబోయే ప్రోగ్రాం అడ్మిషన్ పేజీ ఇప్పుడే చదువు.

క్రెడిట్ ఇచ్చేది ట్రావెల్ కంపెనీ కాదు, స్కూలు. అది స్కూల్ బోర్డుదైనా కావాలి, విద్యాశాఖ తనిఖీ చేసి క్రెడిట్లు ఇవ్వడానికి అనుమతించిన ప్రైవేటు స్కూలైనా కావాలి. ఆ స్కూలు పేరేంటో అడిగి విద్యాశాఖ జాబితాలో వెతుకు. పేరు చెప్పడానికి తటపటాయిస్తే ఆ టూరు వదిలెయ్యండి. టికెట్లు, హోటళ్లు అమ్మే ఏజెన్సీకి టీకో (అంటారియోలో ట్రావెల్ ఏజెన్సీలను నియంత్రించే సంస్థ) రిజిస్ట్రేషన్ ఉందో లేదో కూడా నాన్నని చూడమను.

ఇక చదువు. ఒక క్రెడిట్ అంటే 110 గంటలు. రెండు వారాల ప్రయాణంలో అన్ని గంటలు ఎలా వస్తాయో నువ్వే లెక్క వేసుకో, అందుకే బయల్దేరే ముందు క్లాసులూ వచ్చాక పనీ ఉంటాయి. మార్కుల్లో 70 శాతం కోర్సు పొడుగునా చేసే పనికి, 30 శాతం చివరి ప్రాజెక్టుకో పరీక్షకో పోతాయి. పైగా పదకొండు, పన్నెండు గ్రేడ్లలో మిడ్‌టర్మ్ రిపోర్ట్ వచ్చి ఐదు బోధన రోజులు దాటాక మానేస్తే ఆ సంగతి ట్రాన్‌స్క్రిప్ట్ మీద, అంటే యూనివర్సిటీలు చూసే మార్కుల రికార్డులో, కనిపిస్తుంది. కాబట్టి మొదటి క్లాసు నుంచే గట్టిగా పట్టుకోవాలి.

నేను నిజంగా చెప్పాలనుకున్నది ఇక్కడుంది. చూసినవన్నీ వరసగా రాసుకొచ్చిన పిల్లలకన్నా ఒక్క ప్రశ్న పట్టుకుని వెళ్లిన పిల్లలే మంచి ప్రాజెక్టులు చేస్తారు. ఐస్‌లాండ్‌లో థింగ్వెట్లిర్ దగ్గర భూమి పైపొరలోని పెద్ద ముక్కలైన ఉత్తర అమెరికా పలక, యురేషియా పలక ఏడాదికి సుమారు రెండు సెంటీమీటర్ల చొప్పున విడిపోతున్నాయని గైడ్ అందరికీ చెబుతాడు, అందరూ రాసుకుంటారు. నువ్వు దాని తర్వాతి ప్రశ్న అడగాలి: ఆ చీలిక వల్ల పైకొచ్చే వేడినీళ్లతోనే ఆ దేశంలో దాదాపు పదింట తొమ్మిది ఇళ్లు వెచ్చగా ఉంటున్నాయి కదా, మరి అదే నీరు తోడినచోట భూమికీ గాలికీ ఏమవుతోంది, అంటారియో 2014లో బొగ్గు కరెంటు పూర్తిగా మానేసినప్పుడు ఎంచుకున్న దారికీ దీనికీ తేడా ఎక్కడుంది? ఇలాంటిది రాస్తే టీచరు ఆగి చదువుతారు. సోల్‌హైమయోకుట్ల్ అనే హిమానీనదం ఎంత వెనక్కి పోయిందో అక్కడి స్కూలు పిల్లలే 2010 నుంచి ప్రతి శరదృతువులో కొలుస్తున్నారు, నీకన్నా చిన్నపిల్లలు! ఆ అంకెలు దొరికితే తీసుకుని, నువ్వక్కడ నిలబడి చూసినదాని పక్కన పెట్టు. ఒకవేళ మీ టూరు కోస్టారికాకి మారితే ప్రశ్న కూడా మారాలి, అక్కడ 1996 చట్టం తర్వాత అడవి కాపాడే భూయజమానులకి ప్రభుత్వం డబ్బిస్తోంది, దానికి కొంత ఇంధనం మీద పన్ను నుంచే వస్తుంది, కాబట్టి ఆ డబ్బు చిన్న రైతుకి చేరుతోందా అని అడగొచ్చు.

నోట్‌బుక్ కాగితందే తీసుకెళ్లు, పెన్సిల్‌తో రాయి, వానలో ఇంకు చెదిరిపోతుంది. ప్రతి పేజీలో తేదీ, సమయం, చోటు, నువ్వు ఏ దిక్కుకి చూస్తున్నావో రాయాలి. ఫోటోలో ఏదైనా కొలత తెలిసే వస్తువు ఉండాలి, లేకపోతే రాయి ఎంతదో ఇంటికొచ్చాక ఎవరికీ తెలీదు. ఎంత అలసటగా ఉన్నా ఆ రోజు నోట్స్ ఆ రాత్రే సరిచూసుకో, మర్నాటికి సగం మర్చిపోతాం. రాళ్లూ నాచూ ఏమీ ఏరుకోవద్దు, అక్కడి నాచు ఒకసారి తొక్కితే మళ్లీ పెరగడానికి ఏళ్లు పడుతుంది.

కాగితాల సంగతి నాన్నకి గట్టిగా చెప్పు. నీది ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే కదా, పీఆర్ కార్డు (కెనడా శాశ్వత నివాసం కార్డు) ఉన్నా ఐస్‌లాండ్‌కి షెంగెన్ వీసా, అంటే చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే వీసా, కావాలి, ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేసుకోవచ్చు, ఇప్పుడే మొదలుపెట్టండి. వెనక్కి విమానం ఎక్కడానికి పీఆర్ కార్డు గడువు చూసుకోవాలి. అమ్మానాన్న లేకుండా వెళ్తున్నావు కాబట్టి వాళ్ల సంతకంతో అనుమతి లేఖ, వేరే మెడికల్ ఇన్సూరెన్సు కూడా ఉండాలి. మన అంటారియో ప్రభుత్వ ఆరోగ్య బీమా ఓహిప్ విదేశాల్లో ఇచ్చేది చాలా తక్కువ.

కోర్సు కోడ్, స్కూలు పేరు తెలియగానే నాకు ఫోన్ చెయ్యి. నీ ప్రశ్న ఒక్క వాక్యంలో రాసి పంపించు, కలిసి దిద్దుదాం.

పెద్దమ్మ